బోర్డు మాట డ్రైవర్ వినడు, రోడ్డు మాట వింటాడు: బెంగళూరు వీధుల ఇంజనీర్లకు బహిరంగ లేఖ

బెంగళూరు వీధులకు ప్లాన్ గీసే, తారు వేయించే, హంపులు కట్టించే ఇంజనీరు గార్లందరికీ,

నమస్కారం. వాన పడితే గుంతల గురించి, ఎండ కాస్తే దుమ్ము గురించి జనం మిమ్మల్నే అంటారు. మీ పని కష్టం నాకు తెలుసు. ఇక విషయానికి వస్తాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ని. అందులో ఎక్కువ కాలం అనంతపురం - బెంగళూరు సర్వీసు మీదే పనిచేశాను. ఇప్పుడు మారతహళ్ళి దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దున మనవరాలిని బడికి నడిపించుకుని వెళ్ళడం, సాయంత్రం తీసుకురావడం నా డ్యూటీ. ఇంటికీ బడికీ మధ్య 600 మీటర్లు. ఆ కాస్త దూరంలో నాకు కలిగే టెన్షన్, నిండు బస్సుతో హెబ్బాళ దాటేటప్పుడు కూడా ఎప్పుడూ కలగలేదు.

మా వీధి తొమ్మిది మీటర్ల వెడల్పు. ఒక చివర నుంచి వర్తూరు రోడ్డుకు, ఇంకో చివర నుంచి అవుటర్ రింగ్ రోడ్డుకు దారి ఉంది. రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు మొదలయ్యాక, ఫోన్లో మ్యాప్ చూసుకుని వచ్చే బళ్ళన్నీ ఇటే తిరుగుతున్నాయి. రెండేళ్ళ కింద మా వీధిని బాగుచేశారు. నాలుగు కానుగ చెట్లు కొట్టేశారు, ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా తారు పోశారు, మూలలు గుండ్రంగా తిప్పారు. నున్నటి రోడ్డు వచ్చిందని అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. నెల తిరగకుండానే మా వీధి రేసు ట్రాక్ అయింది.

పోయిన ఏడాది వీధివాళ్ళం 163 మంది సంతకాలు చేసి అర్జీ పెట్టాం. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, అన్ని లిపుల్లోనూ సంతకాలున్నాయి. ఒక ఆఫీసులో తీసుకుని ముద్ర వేసి, స్పీడ్ సంగతి మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకు వెళ్తే, రోడ్డు ఆకారం మా చేతిలో లేదన్నారు. మూడుసార్లు తిరిగాం. కొన్నాళ్ళకు ఒక రాత్రి ఎవరో వచ్చి రోడ్డుకు అడ్డంగా జానెడు ఎత్తున తారు గుట్ట వేసి వెళ్ళారు. పెయింట్ లేదు, రిఫ్లెక్టర్ లేదు, ముందు బోర్డు లేదు. మొదటి వానకే చీకట్లో ఒక డెలివరీ కుర్రాడు దాని మీద ఎగిరి పడ్డాడు. మా అర్జీకి వచ్చిన జవాబు అదొక్కటే. అందుకే ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. మా వీధిలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవి. ఈ ఊళ్ళో రోడ్ల ప్లాన్లు గీసేవాళ్ళలో, కాంట్రాక్టులు చేసేవాళ్ళలో, తారు మోసేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. మనకు బతుకునిచ్చిన ఊరికి మనం చేయవలసిన పని ఇది. కన్నడ ప్రతి మా ఎదురింటి మాస్టారు రాసి పెట్టారు. రెండూ కలిపే పంపుతున్నాం.

ముందుగా డ్రైవర్‌గా నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. నేను డ్యూటీలో చేరినప్పుడు బెంగళూరు హైవే రెండు లైన్ల రోడ్డు. ఊరు వచ్చిందంటే రెండు పక్కలా చింతచెట్లు, రోడ్డును ఆనుకుని ఇళ్ళు, అరుగుల మీద మనుషులు, ఒక చిన్న మలుపు. యాక్సిలరేటర్ మీది కాలు నన్నడక్కుండానే పైకి లేచేది. తర్వాత రోడ్డును నాలుగు లైన్లు చేశారు. చెట్లు పోయాయి, ఇళ్ళు వెనక్కి జరిగాయి, మలుపు తీసేశారు. అవే ఊళ్ళు, అదే బస్సు, నడిపేదీ నేనే. కానీ కాలు లేవడం మానేసింది. ఊరి దగ్గర 40 అని బోర్డు ఉండేది. నేను చదివేవాణ్ణి, అయినా కాలు వినేది కాదు. నాలాంటి మంచి డ్రైవర్లు ఎందరో ఆ బోర్డుల పక్కనుంచి 70లో వెళ్ళారు. చెడ్డవాళ్ళై వెళ్ళలేదు. రోడ్డే వెళ్ళమంది, వెళ్ళారు.

అందుకే ఈ లేఖ పోలీసులకు కాక మీకు రాస్తున్నాను. చలాన్ వేసే పోలీసు వీధిలో ఒక గంట ఉంటాడు. మీరు గీసిన గీత రాత్రీ పగలూ ఉంటుంది.

మా వీధిలో ఏం జరుగుతోందో వరుసగా చెప్తాను.

1. మా వీధి ఊడ్చే పౌర కార్మికురాలిది ఈ ఊళ్ళోనే మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అందరం అక్కా అని పిలుస్తాం. నవంబరులో ఒక తెల్లవారుజామున ఐదున్నరకు మూల దగ్గర చెత్త పోగుచేస్తుంటే, మెయిన్ రోడ్డు నుంచి తిరిగిన కారు ఆమెను కొట్టింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. నాలుగు నెలలు మంచం మీద ఉంది. ఆ ఇంట్లో చిన్నపిల్ల చదువు మానేసి పనికి వెళ్ళింది. కారు నడిపినతను "కనబళ్ళేదండీ" అని ఏడ్చాడు. అతను అబద్ధమాడాడని నేను అనుకోను. ఆ మూలను గుండ్రంగా తిప్పాక బ్రేకు తొక్కనక్కర్లేకుండా 40, 50లో తిరగొచ్చు. ఆ స్పీడ్‌లో తిరిగేవాడి కళ్ళు ముందున్న రోడ్డు మీద ఉంటాయి కానీ, వంగి ఊడ్చే మనిషి మీద ఉండవు. పాత మూల పదునుగా ఉండేది. అక్కడ ఎవరైనా సెకండ్ గేరు వేయాల్సిందే.

2. పిల్లలు నడవడం మానేశారు. మా మనవరాలి క్లాసులో చాలామంది ఇళ్ళు కిలోమీటరు లోపలే ఉన్నాయి. అయినా స్కూటర్ మీదో, కారులోనో దింపుతున్నారు. అడిగితే "బళ్ళెక్కువ, భయం" అంటారు. ఆ భయంతో తీసిన బళ్ళే పొద్దున ఎనిమిదింటికి బడి ముందు జామ్ చేస్తున్నాయి. ఆ జామ్ చూసి ఇంకొందరు భయపడి కారు తీస్తున్నారు. మా చిన్నప్పుడు మూడు మైళ్ళు నడిచి బడికి వెళ్ళామని నేను చెప్పను, కాలం వేరు. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల 600 మీటర్లు నడవలేని వీధిని వీధి అనడానికి నాకు మనసు రాదు.

3. మా పై ఇంట్లో ఉండే పెద్దావిడ నంద్యాల నుంచి కొడుకు దగ్గరకు వచ్చింది. 74 ఏళ్ళు. రోడ్డుకు అవతల పార్కు, మందుల షాపు ఉన్నాయి. సెకనుకు మీటరు చొప్పున నడిచే మనిషికి మా వీధి దాటడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. 50లో వచ్చే బండి ఆ తొమ్మిది సెకన్లలో 125 మీటర్లు వస్తుంది. అంటే ఆమె అడుగు బయటపెట్టినప్పుడు మలుపు దగ్గర కూడా కనిపించని బండి, ఆమె మధ్యలో ఉండగానే మీదికి వచ్చేస్తుంది. ఆమె దీపావళి నుంచి గేటు దాటలేదు. బాల్కనీలోనే అటూ ఇటూ నడుస్తోంది.

4. డెలివరీ కుర్రాళ్ళను అందరూ తిడతారు. నేను తిట్టలేను. కర్నూలు, అనంతపురం, కడప నుంచి వచ్చి పీజీల్లో ఉంటూ బండి తోలేవాళ్ళు మా వీధిలోనే పదిమంది ఉన్నారు. నిమిషాలు లెక్కపెట్టే పని వాళ్ళది. వేగంగా వెళ్ళేదీ వాళ్ళే, పడితే ఆస్పత్రి ఖర్చు పెట్టుకునేదీ వాళ్ళే. వీధి నెమ్మదిగా ఉంటే అందరి డెలివరీ ఒకేలా ఆలస్యమవుతుంది. ఒక్కడే ప్రాణం పణం పెట్టనక్కర్లేదు.

5. రాత్రి పదకొండు దాటాక ఖాళీ రోడ్డు, హారన్లు, సైలెన్సర్ తీసేసిన బైకులు. చంటిపిల్లలున్న ఇళ్ళవాళ్ళను అడగండి.

ఇదంతా మా ఊహ కాదని చూపించడానికి ఒక పని చేశాను. రెండు కరెంటు స్తంభాల మధ్య టేపుతో 50 మీటర్లు కొలిచి, సున్నంతో గీతలు గీసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక ఉదయమంతా కూర్చున్నాను. 30లో వెళ్ళే బండికి 50 మీటర్లు దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆరు సెకన్లు తీసుకున్నవి ఆటోలు, కూరగాయల బళ్ళు, బడి వ్యాన్ మాత్రమే. చాలా కార్లకు నాలుగు సెకన్లు సరిపోయింది, అంటే 45. మూడు సెకన్లలో దాటిన బైకులు కూడా ఉన్నాయి, అంటే 60. ఈ కొలత ఎవరైనా తీయొచ్చు. మీరు రండి, మీ మెషీన్‌తో తీయండి.

30కీ 50కీ ఏం తేడా అనేవాళ్ళకు డ్రైవింగ్ స్కూల్లో చెప్పే లెక్క ఒకటుంది. ఎదురుగా పిల్ల కనిపించాక డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 30లో వెళ్ళే బండి ఆ సెకనులో ఎనిమిది మీటర్లు పోతుంది, బ్రేకు పట్టి మొత్తం 13, 14 మీటర్లలో ఆగుతుంది. 50లో వెళ్ళే బండి ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతుంది. అంటే మొదటి బండి ఆగిపోయిన చోట రెండో బండికి బ్రేకు పడటం అప్పుడే మొదలవుతుంది. పిల్ల 14 మీటర్ల దూరంలో ఉంటే ఒకరు బతికిస్తారు, ఒకరు పూర్తి వేగంతో కొడతారు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళే. రోజుకు 90 మంది.

"బెంగళూరే కదలడం లేదు, స్పీడ్ తగ్గించమంటారేమిటి" అని ఒక ఆఫీసులో నన్ను అడిగారు. ఆ మాట న్యాయంగానే వినిపిస్తుంది, కాబట్టి జవాబు చెప్తాను. ప్రపంచ నగరాల ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ కంపెనీ ప్రకారం 2024లో ఈ ఊళ్ళో 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. అంటే గంటకు 18 కిలోమీటర్లు కూడా లేదు. మెయిన్ రోడ్డు మీద అరగంట ఆగి విసిగినవాడు మా వీధి ఖాళీగా కనిపించగానే పోయిన టైమంతా ఇక్కడ తీసుకోవాలని చూస్తాడు. జామ్ వల్ల మాకు భద్రత రాలేదు, కోపంలో ఉన్న డ్రైవర్లు వచ్చారు. పోనీ అతనికి మిగిలేదెంత? కిలోమీటరు దూరం 50లో వెళ్తే ఒక నిమిషం 12 సెకన్లు, 30లో వెళ్తే రెండు నిమిషాలు. తేడా 48 సెకన్లు. చివర్లో సిగ్నల్ దగ్గర ఆ 48 సెకన్లూ ఎలాగూ ఆగుతాడు.

మేం అడిగేది కొత్త వింత కాదు. మీ పుస్తకాల్లోనే ఉంది. వీధుల్లో వేగం తగ్గించే పద్ధతుల మీద దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2018లో దాన్ని తిరగరాసింది కూడా. 25 వేగంతో దాటాల్సిన హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఆ సంస్థ ఎప్పుడో చెప్పింది. మా వీధిలో వేసిన గుట్ట వెడల్పు మూర కూడా లేదు. అలాంటి గుట్ట మీద బస్సు వెళ్తే చివరి సీటులో కూర్చున్నవాళ్ళ నడుముకు ఏమవుతుందో 31 ఏళ్ళు అద్దంలో చూసినవాణ్ణి. సరైన హంప్ మీద బస్సు పడవలా లేచి దిగుతుంది, వేగం తగ్గుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు.

మన దగ్గర జరగలేదా అంటే, జరిగింది. చర్చి స్ట్రీట్‌లో రాళ్ళు పరిచి, నడిచేవాళ్ళకు చోటు పెంచి 2018లో తెరిచారు. అక్కడ కారు నడిపేవాళ్ళెవరూ హారన్ కొట్టుకుంటూ దూసుకెళ్ళరు. బోర్డు చూసి కాదు, కాళ్ళ కింద రాళ్ళు గరగరమంటాయి కాబట్టి. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డులో వీధులను ప్రమాణాల ప్రకారం తిరిగి కట్టే టెండర్‌ష్యూర్ పథకం కింద వెడల్పాటి ఫుట్‌పాత్‌లు వేశారు. చెన్నైలో తెలుగువాళ్ళందరికీ తెలిసిన పాండీ బజార్‌ను 2019లో నడిచేవాళ్ళ కోసం మార్చారు. మా అబ్బాయి ఇంకో సంగతి చదివి వినిపించాడు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2024 జులై నుంచి ఏడాది పాటు రోడ్డు ప్రమాదాల్లో ఒక్కరూ చనిపోలేదట. సగానికి పైగా వీధుల్లో వేగ పరిమితి 30. అది చిన్న ఊరు, మన ఊరితో పోల్చలేమని మీరంటే ఒప్పుకుంటాను. కానీ బ్రేకు పట్టే దూరం అక్కడా ఇక్కడా ఒకటే.

మనసులో ఉన్నది ఒకటి చెప్పాలి. చర్చి స్ట్రీట్ లాంటి పని ఎప్పుడూ ఊరి నడిబొడ్డున ఎంజీ రోడ్డు చుట్టుపక్కలే ఎందుకు జరగాలి? మా వైపున్న మున్నేకొళాల, హూడి, కాడుగోడి, కేఆర్ పురం వీధుల్లో పిల్లలు లేరా?

చట్టం కూడా మీ పక్కనే ఉంది. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 7న, నడిచేవాళ్ళ కోసం, రోడ్ల డిజైన్ కోసం ఆరు నెలల్లో నియమాలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, నిర్ణయించిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేయడం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. బెదిరించడానికి ఇది రాయడం లేదు. పైవాళ్ళు "హంప్ ఎందుకు, ఫుట్‌పాత్ ఎందుకు" అని అడిగినప్పుడు మీరు చూపించడానికి రాస్తున్నాను.

మేం కోరేవి ఇవి.

1. ఇళ్ళు, స్కూళ్ళు ఉన్న లోపలి వీధులన్నిటిలో 30 పరిమితి పెట్టండి. నడిచేవాళ్ళు, బళ్ళు కలిసి తిరిగేచోట 30 దాటకూడదని 2020లో రోడ్డు భద్రత మీద ప్రపంచ దేశాలు చేసిన స్టాక్‌హోం ప్రకటన చెప్పింది. బోర్డు కన్నడలో, బొమ్మతో పెట్టండి, అందరికీ అర్థమవుతుంది. కానీ బోర్డుతో ఆపకండి.

2. బడి ముందు దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపండి. పిల్లలు రోడ్డులోకి దిగకూడదు, బండే పిల్లల ఎత్తుకు ఎక్కాలి. బస్సులు తిరిగే రోడ్లలో ఈ ఎత్తు పొడవుగా, పైన చదునుగా ఉండాలి. బస్సు ముందు, వెనక చక్రాలు రెండూ దాని మీద నిలబడేంత ఉంటే కుదుపు తగ్గుతుంది. ఇది డ్రైవర్ల తరఫున ప్రత్యేకంగా అడుగుతున్నాను.

3. గుండ్రంగా తిప్పిన మూలలను మళ్ళీ పదును చేయండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ముందు నాలుగు డ్రమ్ములు, కొంత తెల్ల పెయింట్ చాలు. అక్క పడిన మూలతో మొదలుపెట్టండి.

4. మా వీధిలోంచి అడ్డదారిగా పోయే కార్లను ఆపండి. ఒక చివర కారు పట్టకుండా గుంజలు పాతితే నడిచేవాళ్ళు, సైకిళ్ళు వెళ్తాయి. అంబులెన్సు వస్తే తీయగలిగేలా ఒక గుంజకు తాళం ఉండాలి. వీధివాళ్ళకు ఇది ఇబ్బందే, మేం చుట్టూ తిరిగి ఇంటికి రావాలి. ఈ సంగతి మీటింగ్ పెట్టి మాట్లాడుకున్నాం, ఎక్కువమంది ఒప్పుకున్నారు. మూడు నెలలు తాత్కాలికంగా పెట్టి చూడండి. పక్క వీధికి బరువు పెరిగితే మార్చండి.

5. 1.8 మీటర్ల ఫుట్‌పాత్ తెగకుండా వేయండి. ఆ పేరుతో కూరగాయల బళ్ళను, ఇడ్లీ బండిని తరమకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకు చోటు ఇచ్చింది. వాళ్ళున్న వీధిలో జనం ఉంటారు, జనం ఉన్నచోట డ్రైవర్ కాలు లేస్తుంది. ఫుట్‌పాత్‌ను మింగుతున్నవి రోజంతా కదలకుండా నిలిపే కార్లు.

6. పని చేయకముందు, చేశాక బళ్ళ వేగం కొలిచి, ప్రమాదాలు జరిగిన చోట్లు మ్యాప్ మీద గుర్తించి జనానికి చూపించండి.

7. ఆ గుట్ట తీసేయండి. కొత్త హంప్ వేసేదాకా కనీసం ఈ వారమే పెయింట్ వేయండి.

2025 సెప్టెంబరులో ఈ నగరం ఐదు కార్పొరేషన్లుగా మారింది. ఒక్కో కార్పొరేషన్ ఒక్కో వార్డులో ఒక్క వీధి తీసుకుని మొదలుపెట్టినా సరిపోతుంది. మా వీధినే తీసుకోమని పట్టుబట్టం. మాకన్నా ప్రమాదంలో ఉన్న వీధి మీ లెక్కలో ఉంటే ముందు అక్కడ చేయండి, మాకు తేదీ చెప్పండి చాలు.

30 రోజుల్లో ఏ కోరిక చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అని రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద మా వీధి రోడ్డు డిజైన్ ప్రతి అడుగుతాం. వార్డు సభలో ప్రతిసారీ ఇదే మాట్లాడతాం.

బడి ఉన్న ఏ రోజైనా పొద్దున 8 గంటల 10 నిమిషాలకు నేనూ మా మనవరాలూ ఆ మూల దగ్గర రోడ్డు దాటుతాం. మీలో ఎవరైనా వస్తే మీ టేపు, మీ స్పీడ్ మెషీన్ వెంట తెచ్చుకోండి. సున్నం గీతలు చెరిగిపోకుండా వారానికోసారి మళ్ళీ గీస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
సంతకాలు చేసిన 163 మంది వీధివాసుల తరఫున,
మారతహళ్ళి, బెంగళూరు